‘నో మాడ్యూల్ నేమ్‌డ్ ఎస్‌కెలెర్న్’: ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ పైథాన్‌కు ఎందుకు కనబడదు

క్లుప్తంగా: పైథాన్ భాషలో రాసిన మెషిన్ లెర్నింగ్ ప్రోగ్రాం మొదటి వరుసల్లోనే ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్’ వచ్చి ఆగిపోతే, లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన సిద్ధమైన కోడ్) కంప్యూటర్‌లో లేదని చాలామంది అనుకుంటారు. ఆ సందేశం నిజానికి చెప్పేది అంతకంటే తక్కువ. ప్రోగ్రాంను నడుపుతున్న ఆ ఒక్క పైథాన్, తనకు తెలిసిన కొన్ని ఫోల్డర్లలో, ఆ పేరుతో వెతికితే ఏమీ దొరకలేదని మాత్రమే దాని అర్థం. ఏ పైథాన్, ఏ ఫోల్డర్లు, ఏ పేరు, ఏ వెర్షన్ అన్న వివరాలు తేలకుండా లైబ్రరీలను తెచ్చిపెట్టే ‘పిప్ ఇన్‌స్టాల్’ ఆదేశాన్ని మళ్లీ మళ్లీ నడపడం వల్ల సమస్య తీరకపోగా, చాలాసార్లు కొత్త చిక్కులు వచ్చిపడతాయి.

రాయలసీమ ఇంజనీరింగ్ కళాశాలల్లో మెషిన్ లెర్నింగ్ ఇప్పుడు పాఠ్యప్రణాళికలో భాగమైపోయింది. అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలల్లోను, కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోను, కర్నూలు జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీడీఎంలోను కంప్యూటర్ సైన్స్ చదివేవారు ఏదో ఒక దశలో పైథాన్ లైబ్రరీలతో పని చేయాల్సిందే. ప్రాంతాన్ని బట్టి ప్రాజెక్టులూ ఎదురుగానే కనిపిస్తాయి: వర్షపాతం లెక్కలతో వేరుశనగ దిగుబడిని అంచనా వేయడం, ఆదోని యార్డులో పత్తి ధరల కదలికను పట్టుకోవడం, తిక్కా ఆకుమచ్చ తెగులును ఫొటో చూసి గుర్తించడం వంటివి. ఇలాంటి ప్రాజెక్టు మొదలుపెట్టిన విద్యార్థికి తొలి అడ్డంకి గణితం దగ్గర రాదు. డేటా ఫైలు తెరుచుకోకముందే, ‘నో మాడ్యూల్ నేమ్‌డ్’ అన్న ఎర్ర అక్షరాల వరుస దగ్గరే పని నిలిచిపోతుంది.

ఈ వ్యాసంలో ఆదేశాలనూ మాడ్యూల్ పేర్లనూ తెలుగు లిపిలో చూపినప్పటికీ, యంత్రం మీద వాటిని ఆంగ్ల అక్షరాల్లోనే టైపు చేయవలసి ఉంటుంది.

ఇంపోర్ట్ అన్నప్పుడు పైథాన్ చేసే పని

‘ఇంపోర్ట్ ఎస్‌కెలెర్న్’ అన్న వరుస (సైకిట్-లెర్న్ అనే మెషిన్ లెర్నింగ్ లైబ్రరీని ప్రోగ్రాంలోకి తెచ్చుకోమనే ఆదేశం) ఎదురుకాగానే పైథాన్ మొదట ‘సిస్.మాడ్యూల్స్’ అనే పట్టికను చూస్తుంది. ఆ పేరుతో ఒక మాడ్యూల్ అప్పటికే మెమరీలోకి వచ్చి ఉంటే దాన్నే తిరిగి వాడుకుంటుంది. లేనప్పుడు, తనలోనే కలిసిపోయి ఉన్న అంతర్గత మాడ్యూళ్లను పరిశీలించి, అక్కడా లేదని తేలాక ‘సిస్.పాత్’ అనే జాబితాలోని ఫోల్డర్లను వరుసక్రమంలో ఒక్కొక్కటిగా తెరిచి చూస్తుంది. ఈ జాబితాలో మొదటిది సాధారణంగా నడుస్తున్న ప్రోగ్రాం ఫైలు ఉన్న ఫోల్డర్. దాని తర్వాత ‘పైథాన్‌పాత్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఎవరైనా రాసిపెట్టిన ఫోల్డర్లు, ఆ తర్వాత పైథాన్‌తో పాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీ, చివరగా పిప్ తెచ్చి పెట్టిన ప్యాకేజీలు ఉండే ‘సైట్-ప్యాకేజెస్’ ఫోల్డర్ వస్తాయి.

ఈ వరుసలో రెండు విషయాలు గమనించదగినవి. పైథాన్ డిస్కు మొత్తాన్ని ఎప్పుడూ గాలించదు. జాబితాలో లేని ఫోల్డర్‌లో పది లైబ్రరీలున్నా దాని దృష్టిలో అవి లేనట్టే. అలాగే, వెతుకులాట మొదట దొరికినదాని దగ్గరే ఆగిపోతుంది. అదే పేరుతో సరైన మాడ్యూల్ తర్వాతి ఫోల్డర్‌లో ఉన్నా అక్కడిదాకా పోదు. దిగువన చర్చించే ఎర్రర్లన్నీ దాదాపుగా ఈ రెండు నియమాల నుంచి పుట్టినవే.

జాబితా అంతా తిరిగినా ఏమీ దొరకనప్పుడు వచ్చేదే మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. 2016 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3.6 నుంచి దీనికి ఈ ప్రత్యేకమైన పేరు ఉంది. అంతకుముందు ఇలాంటివన్నీ ‘ఇంపోర్ట్ ఎర్రర్’ అన్న ఒకే పేరు కింద వచ్చేవి. ఇప్పుడు ఈ రెంటి తేడా రోగ నిర్ధారణకు బాగా ఉపయోగపడుతుంది. మొదటిది వస్తే మాడ్యూలే కనబడలేదని అర్థం. ‘క్యానాట్ ఇంపోర్ట్ నేమ్’ అంటూ రెండోది వస్తే, మాడ్యూల్ దొరికింది గాని అందులో అడిగిన ఫంక్షనో క్లాసో లేదని అర్థం. విండోస్‌లో ‘డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్’ అని వచ్చేది ఇంకో రకం: ఫైలు దొరికింది, కానీ దానికి కావలసిన సిస్టమ్ భాగం, ఎక్కువసార్లు మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్, ఆ యంత్రంలో లేదు.

సందేశంలో కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న పేరును చివరి అక్షరం దాకా చదవడం మరింత ముఖ్యం. ప్రోగ్రాంలో ఎస్‌కెలెర్న్‌ను ఇంపోర్ట్ చేస్తే ఎర్రర్‌లో ‘సైపై’ అనో ‘జాబ్‌లిబ్’ అనో పేరు కనిపిస్తే, ఎస్‌కెలెర్న్ దొరికిందన్నమాట. అది ఆధారపడిన మరో లైబ్రరీ లోపించింది. ఇక ‘ఎస్‌కెలెర్న్.క్రాస్_వ్యాలిడేషన్’ వంటి చుక్క ఉన్న పేరు కనబడితే కారణం పూర్తిగా వేరు. దాని సంగతి కాస్త తర్వాత వస్తుంది.

పిప్ ఒక పైథాన్‌కు, ప్రోగ్రాం మరో పైథాన్‌కు

‘ఇన్‌స్టాల్ చేశాం, రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్ అని కూడా వచ్చింది, అయినా మాడ్యూల్ లేదంటోంది’ అన్న ఫిర్యాదు వినగానే అనుమానించవలసింది ఒక్కదాన్నే: ఆ కంప్యూటర్‌లో ఒకటికి మించి పైథాన్‌లు ఉన్నాయి. నాలుగైదేళ్లుగా వాడుకలో ఉన్న ల్యాబ్ కంప్యూటర్‌లో ఇది మామూలు పరిస్థితి. పైథాన్ అధికారిక వెబ్‌సైట్ నుంచి ఒకసారి తెచ్చిన వెర్షన్, విండోస్ స్టోర్ నుంచి వచ్చినది, పైథాన్‌ను ముఖ్యమైన లైబ్రరీలతో కలిపి ఇచ్చే అనకొండతో వచ్చినది, పైచార్మ్ అనే ఎడిటర్ ప్రతి కొత్త ప్రాజెక్టుకూ విడిగా తయారుచేసే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకే పరిమితమైన పైథాన్ అమరిక) అన్నీ ఒకే డిస్కు మీద ఉంటాయి. వీటిలో ప్రతిదానికీ తనదైన సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ ఉంటుంది, ఒకదానిలో ఉన్నది మరొకదానికి తెలియదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పిప్’ అని కొడితే, విండోస్ తన ‘పాత్’ (ప్రోగ్రాంలను వెతికే ఫోల్డర్ల జాబితా) వరుసలో మొదట కనిపించిన పిప్‌ను నడుపుతుంది. ప్రోగ్రాంను మాత్రం ఎడిటర్ తాను ఎంచుకున్న పైథాన్‌తో నడుపుతుంది. రెండూ ఒకటే కావాలన్న నియమం ఎక్కడా లేదు. ఈ గందరగోళానికి సూటి మందు ఆదేశాన్ని మార్చడమే: ‘పిప్ ఇన్‌స్టాల్’ అనడానికి బదులు ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్’ అంటే, పిలిచిన పైథాన్ తన సొంత పిప్‌నే వాడుతుంది, ప్యాకేజీ దాని ఫోల్డర్‌లోకే చేరుతుంది. ఎర్రర్ వస్తున్న అదే ఎడిటర్‌లో, అదే ఫైలులో ‘సిస్.ఎగ్జిక్యూటబుల్’ విలువను ముద్రించి చూస్తే నడుస్తున్న పైథాన్ పూర్తి చిరునామా తెలుస్తుంది. ఆ చిరునామాను టెర్మినల్‌లో అలాగే వాడి, దాని వెనుక ‘-ఎం పిప్ ఇన్‌స్టాల్ సైకిట్-లెర్న్’ చేర్చితే గురి తప్పే అవకాశం ఉండదు. విండోస్‌లో ‘పై -0’ అన్న ఆదేశం నమోదైన పైథాన్‌ల జాబితాను చూపుతుంది. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ‘సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ ద్వారా కావలసినదాన్ని ఎంచుకోవచ్చు.

కోడ్‌ను సెల్ అనే ముక్కలుగా రాసి నడిపే జూపిటర్ నోట్‌బుక్‌లో ఇదే సమస్యకు ఇంకో పొర ఉంది. నోట్‌బుక్ తెరిచే ప్రోగ్రాం వేరు, సెల్‌లోని కోడ్‌ను నడిపే కెర్నల్ వేరు. కెర్నల్ ఏ పైథాన్‌ను వాడాలో ‘కెర్నల్.జేసన్’ అనే చిన్న ఫైలులో రాసి ఉంటుంది. సెల్‌లో ఆశ్చర్యార్థకం గుర్తుతో పిప్‌ను పిలిస్తే అది టెర్మినల్ పిప్ అవుతుంది, కాబట్టి కెర్నల్‌కు సంబంధం లేని చోట ప్యాకేజీ చేరవచ్చు. శాతం గుర్తుతో ‘%పిప్ ఇన్‌స్టాల్’ అని రాస్తే మాత్రం కెర్నల్ నడుస్తున్న పైథాన్‌లోకే వెళుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే పాత నోట్‌బుక్‌లలో ఎక్కువగా మొదటి పద్ధతే కనిపించడం వల్ల, చూసి రాసుకునే విద్యార్థులకు అదే అలవాటవుతోంది.

ఉమ్మడి ల్యాబుల్లో లాగిన్ తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేని విద్యార్థి పిప్ నడిపితే, అసలు సైట్-ప్యాకేజెస్‌లో రాయడానికి వీలులేదు గనుక ‘డీఫాల్టింగ్ టు యూజర్ ఇన్‌స్టలేషన్’ అన్న ఒక వరుస చూపించి, పిప్ ఆ ప్యాకేజీని ఆ లాగిన్‌కు మాత్రమే చెందిన ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ వరుసను ఎవరూ చదవరు. మరుసటి రోజు అదే కంప్యూటర్ ముందు మరో లాగిన్‌తో కూర్చున్నవారికి లైబ్రరీ ఉండదు, నిన్న పనిచేసిన ప్రోగ్రాం ఈరోజు పనిచేయలేదన్న మాట మాత్రం మిగులుతుంది. దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. లాగిన్ ఫోల్డర్ సిస్.పాత్‌లో అసలు సైట్-ప్యాకేజెస్ కంటే ముందు వస్తుంది. అందువల్ల ఎవరో ఒకప్పుడు తమ లాగిన్‌లో వేసుకున్న పాత వెర్షన్, ల్యాబ్ నిర్వాహకులు అందరికోసం పెట్టిన కొత్త వెర్షన్‌ను అడ్డగించగలదు.

అనకొండ విషయంలో తరచుగా ఎదురయ్యే అపార్థం ఒకటుంది. అనకొండ వేస్తే ‘బేస్’ అనే ఎన్విరాన్‌మెంట్‌లో సైకిట్-లెర్న్, పాండాస్, నంపై వంటి లైబ్రరీలన్నీ వచ్చేస్తాయి. కానీ ‘కోండా క్రియేట్’తో కొత్త ఎన్విరాన్‌మెంట్ తయారుచేస్తే, అడిగితే తప్ప అందులో అవేవీ ఉండవు. టెర్మినల్ వరుస మొదట్లో కనిపించే పేరు ‘బేస్’ ఉందా మరొకటి ఉందా అన్నది చూడకపోతే, అనకొండే చెడిపోయిందన్న నిర్ణయానికి వచ్చి మొత్తం తీసేసి మళ్లీ వేయడం జరుగుతుంది. అలా వేసినా కొత్త ఎన్విరాన్‌మెంట్ ఖాళీగానే ఉంటుంది.

రికార్డులో ఒక పేరు, పిలుపులో మరో పేరు

రేషన్ కార్డులో ఒక పేరు, ఇంట్లో పిలుపుపేరు మరొకటి ఉన్న మనిషి లాగా, పైథాన్ ప్యాకేజీకి పిప్ దాన్ని తెచ్చే ఇంటర్నెట్ భాండాగారంలో ఉండే పేరూ, ప్రోగ్రాంలో ఇంపోర్ట్ చేసే పేరూ వేర్వేరుగా ఉండవచ్చు. భాండాగారంలోని పేరు కేవలం నమోదుకు సంబంధించినది. ఇంపోర్ట్‌కు కావలసింది సైట్-ప్యాకేజెస్‌లో చేరే ఫోల్డర్ పేరు. ఈ రెండూ కలవాలని పైథాన్ ఎక్కడా పట్టుబట్టదు. అందుకే ఎస్‌కెలెర్న్ కావాలంటే ‘సైకిట్-లెర్న్’ను, సీవీ2 కావాలంటే ‘ఓపెన్‌సీవీ-పైథాన్’ను, పిల్ కావాలంటే ‘పిల్లో’ను, యామల్ కావాలంటే ‘పైయామల్’ను, ఎస్‌కెఇమేజ్ కావాలంటే ‘సైకిట్-ఇమేజ్’ను ఇన్‌స్టాల్ చేయాలి. ఆకుమచ్చ తెగులు ఫొటోల ప్రాజెక్టులో ఈ ఐదింటిలో కొన్ని అవసరమవుతాయి గనుక, బొమ్మలతో పనిచేసేవారికి ఈ తిరకాసు ఎక్కువగా తగులుతుంది.

ఎస్‌కెలెర్న్ పేరుకు చిన్న చరిత్ర ఉంది. 2007లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో డేవిడ్ కూర్నపో ప్రారంభించిన ఈ ప్రాజెక్టు, సైపై లైబ్రరీకి అనుబంధ పనిముట్ల పెట్టెగా మొదలై, 2010లో ఫ్రాన్స్‌కు చెందిన ఇన్రియా పరిశోధకుల చేతుల మీదుగా తొలిసారి బహిరంగంగా విడుదలైంది. చాలాకాలం పాటు ‘పిప్ ఇన్‌స్టాల్ ఎస్‌కెలెర్న్’ అన్నా పని జరిగేది. ఆ పేరుతో ఉన్న ఖాళీ ప్యాకేజీ అసలుదాన్ని తెచ్చిపెట్టేది. 2022 డిసెంబరు నుంచి ఆ వెసులుబాటును అంచెలంచెలుగా ఉపసంహరించి, 2023 డిసెంబరు 1 నుంచి పూర్తిగా ఎర్రర్ వచ్చేటట్టు చేశారు. అంతకుముందు తయారైన ల్యాబ్ సూచనల్లో పాత ఆదేశమే ఉంటుంది కనుక, అది ఇప్పుడు పనిచేయకపోవడంలో వింత లేదు. ‘పైటార్చ్’ అనే మరో మెషిన్ లెర్నింగ్ లైబ్రరీని ఆ పేరుతోనే పిప్‌ను అడిగినా ఇలాంటి మందలింపే వస్తుంది. అక్కడ ప్యాకేజీ పేరు ‘టార్చ్’.

పేరును ఊహించి ఇన్‌స్టాల్ చేసే అలవాటు భద్రత పరంగా ప్రమాదకరం. భాండాగారంలో ఎవరైనా ప్యాకేజీ పెట్టవచ్చు. ప్రసిద్ధమైన పేరుకు దగ్గరగా ఉండే పేర్లతో హానికరమైన ప్యాకేజీలు పెట్టిన సందర్భాలు పదేపదే బయటపడ్డాయి. 2022 డిసెంబరు 25 నుంచి 30 వరకు పైటార్చ్ ప్రయోగాత్మక వెర్షన్‌ను లినక్స్‌లో పిప్ ద్వారా వేసుకున్నవారికి, ‘టార్చ్‌ట్రైటన్’ అనే ఆధార ప్యాకేజీ పేరుతో వేరేవారు పెట్టిన నకిలీ వచ్చి చేరింది. అక్కడ వాడినవారి తప్పు లేదు, పేరు ఒకటే కావడం వల్ల పిప్ నకిలీని ఎంచుకుంది. ఎర్రర్‌లో కనబడిన పేరును చూడకుండా పిప్‌కు అప్పగించేవారు మాత్రం ఆ అవకాశాన్ని తామే కల్పిస్తున్నారు. ఏ ఇంపోర్ట్ పేరు ఏ ప్యాకేజీదో సందేహముంటే, లైబ్రరీ అధికారిక ఇన్‌స్టలేషన్ పేజీ చూడడమే సరైన దారి. ఇప్పటికే పనిచేస్తున్న యంత్రం పక్కనే ఉంటే, పైథాన్ 3.10 నుంచి ప్రామాణిక లైబ్రరీలో ఉన్న ‘ప్యాకేజెస్_డిస్ట్రిబ్యూషన్స్’ ఫంక్షన్ ఆ జతలన్నిటినీ చూపుతుంది.

పాత మాన్యువల్, కొత్త లైబ్రరీ

చుక్క ఉన్న పేర్ల సంగతి ఇక్కడికి వస్తుంది. ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ ఎస్‌కెలెర్న్.క్రాస్_వ్యాలిడేషన్’ అన్న ఎర్రర్ వస్తే, సైకిట్-లెర్న్ ఉందని ఆ సందేశమే చెబుతోంది. లేకుంటే మొదటి ముక్క దగ్గరే ఆగేది. లోపించింది లోపలి భాగం. డేటాను శిక్షణకు, పరీక్షకు విడదీసే ఫంక్షన్లు ఒకప్పుడు ఈ భాగంలో ఉండేవి. 2016లో వచ్చిన 0.18 వెర్షన్‌లో వాటిని ‘మోడల్_సెలెక్షన్’లోకి మార్చి, పాతది పోతుందని హెచ్చరిక పెట్టారు, 2018లో వచ్చిన 0.20లో పాతదాన్ని తొలగించారు. ‘గ్రిడ్_సెర్చ్’ కూడా అదే దారిన పోయింది. ‘ఎస్‌కెలెర్న్.ఎక్స్‌టర్నల్స్.జాబ్‌లిబ్’ 2020లో 0.23తో ముగిసింది, ఇప్పుడు జాబ్‌లిబ్‌ను నేరుగా ఇంపోర్ట్ చేస్తే చాలు. ఉదాహరణ డేటాను తయారుచేసే ‘శాంపిల్స్_జెనరేటర్’ భాగం 0.24లో కనుమరుగైంది, అందులోని ఫంక్షన్లు ‘ఎస్‌కెలెర్న్.డేటాసెట్స్’లో నేరుగా దొరుకుతాయి.

ఇలాంటి సందర్భంలో లైబ్రరీని తీసి మళ్లీ వేయడం పూర్తిగా వృథా. కొత్తగా వచ్చిన ఏ వెర్షన్‌లోనూ ఆ భాగం ఉండదు. ఒక్క ఇంపోర్ట్ వరుసను మార్చితే పని అయిపోతుంది. పాత కోడ్‌ను అలాగే నడపాలంటే పాత వెర్షన్‌ను వేసుకోవాలి, కానీ దానికి పాత పైథాన్ కూడా కావాలి, ఆ గొలుసు ఎక్కడిదాకా పోతుందో ముందే చెప్పడం కష్టం. మరో మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ టెన్సర్‌ఫ్లో విషయంలో ఇది మరీ స్పష్టం. ‘టెన్సర్‌ఫ్లో.కాంట్రిబ్’ 2019 సెప్టెంబరులో వచ్చిన 2.0తో పూర్తిగా పోయింది. దానికోసం 1.15 వెర్షన్ వేద్దామంటే అది పైథాన్ 3.7 దాటి నడవదు. కొత్త పైథాన్‌లో పిప్‌ను అడిగితే ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్’ అంటుంది. కెరాస్ అనే లైబ్రరీ పాఠాల్లో విరివిగా కనిపించే ‘కెరాస్.యుటిల్స్.ఎన్‌పీ_యుటిల్స్’ కూడా ఇప్పుడు లేదు. అందులోని ‘టు_కేటగోరికల్’ ఫంక్షన్‌ను ‘కెరాస్.యుటిల్స్’ నుంచే తీసుకోవాలి.

ఇళ్ల ధరలను అంచనా వేసే బోస్టన్ డేటాసెట్ ఉదంతం వీటికి భిన్నం. ఆ డేటాలోని ఒక అంశం జాతి ఆధారంగా నిర్మితమైందన్న నైతిక అభ్యంతరంతో 2022 డిసెంబరులో వచ్చిన సైకిట్-లెర్న్ 1.2 వెర్షన్‌లో ‘లోడ్_బోస్టన్’ను తొలగించారు. అది ఫంక్షన్ కాబట్టి మాడ్యూల్ నాట్ ఫౌండ్ రాదు, ఇంపోర్ట్ ఎర్రర్ వస్తుంది; పైగా ఎందుకు తీసేశారో, బదులు ఏది వాడాలో వివరించే పెద్ద సందేశం కూడా వస్తుంది. ఎర్రర్ సందేశాలన్నీ ఇంత ఓపికగా రాసి ఉంటే ఈ వ్యాసం అవసరం సగం తగ్గేది.

పైథాన్ భాష కూడా తన సొంత సామాను కొంత బయట పెట్టింది. 2023 అక్టోబరులో వచ్చిన 3.12 వెర్షన్‌లో ‘డిస్ట్‌యుటిల్స్’, ‘ఇంప్’ అనే రెండు పాత ప్రామాణిక మాడ్యూళ్లు లేవు. అప్పటి నుంచి కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లలో ‘సెటప్‌టూల్స్’ కూడా తనంతట తాను రాదు. తాజా పైథాన్ వేసుకున్న విద్యార్థికి తాను ఎన్నడూ ఇంపోర్ట్ చేయని డిస్ట్‌యుటిల్స్ పేరుతో ఎర్రర్ రావడానికి కారణం ఇదే: తాను వాడుతున్న పాత లైబ్రరీ ఏదో దాన్ని లోపల పిలుస్తోంది. సెటప్‌టూల్స్‌ను ఇన్‌స్టాల్ చేస్తే అది డిస్ట్‌యుటిల్స్ స్థానంలో నిలబడుతుంది కనుక ఎక్కువసార్లు సమస్య తీరుతుంది. ఇంప్‌కు సెటప్‌టూల్స్‌లో అలాంటి ప్రత్యామ్నాయం లేదు. దాన్ని పిలిచే లైబ్రరీ కొత్త వెర్షన్‌కు మారడమే సరైన మార్గం.

సొంత ఫైలే దారికి అడ్డు పడితే

ప్రోగ్రాం ఉన్న ఫోల్డరే జాబితాలో మొదటిది అన్న నియమం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. సైకిట్-లెర్న్ నేర్చుకుంటూ రాసిన తొలి ఫైలుకు ‘ఎస్‌కెలెర్న్.పై’ అని పేరు పెడితే, ఆ ఫోల్డర్‌లో ఏ ప్రోగ్రాం నడిపినా పైథాన్‌కు అసలు లైబ్రరీ బదులు ఆ ఫైలే దొరుకుతుంది. అప్పుడు వచ్చే ఎర్రర్‌లో ‘ఎస్‌కెలెర్న్ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్’ అన్న తోక ఉంటుంది. ఆ తోక కనబడితే ఇన్‌స్టలేషన్ జోలికి పోనక్కరలేదు, ఫైలు పేరు మార్చాలి. యార్డు పనిదినాల లెక్క కోసం ‘క్యాలెండర్.పై’ అనే ఫైలు రాసుకున్నా ఇబ్బందే, ఎందుకంటే పాండాస్ ఆధారపడిన తేదీల లైబ్రరీ ప్రామాణిక క్యాలెండర్ మాడ్యూల్‌ను పిలుస్తుంది, దానికి బదులు విద్యార్థి ఫైలు తగులుతుంది. ‘రాండమ్.పై’, ‘స్టాటిస్టిక్స్.పై’ కూడా ఈ కోవలోవే.

గిట్‌హబ్ నుంచి సైకిట్-లెర్న్ మూలకోడ్ దించుకుని, ఆ ఫోల్డర్‌లోనే పైథాన్ తెరిచినవారికి ‘_చెక్_బిల్డ్’ అనే భాగం లేదన్న ఎర్రర్ వస్తుంది. మూలకోడ్‌లోని ఎస్‌కెలెర్న్ ఫోల్డర్ ముందుగా దొరుకుతుంది, అందులో సైథాన్ అనే భాష నుంచి కంపైల్ అయిన (యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారిన) ఫైళ్లు ఉండవు. పిప్ తెచ్చిన లైబ్రరీ వేరేచోట భద్రంగానే ఉంటుంది. ఆ ఫోల్డర్ బయటికి వచ్చి నడిపితే సరిపోతుంది.

అసలు ఇన్‌స్టాలే కాని సందర్భం

కొన్నిసార్లు లైబ్రరీ నిజంగానే ఉండదు, ఎందుకంటే పిప్ నడిచినప్పుడు వచ్చిన ఎర్రర్‌ను దాటవేసి ప్రోగ్రాం నడిపి ఉంటారు. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీల్లో వేగం అవసరమైన భాగాలు సీ, సీ ప్లస్ ప్లస్ వంటి భాషల్లో ఉంటాయి. వాటిని ప్రతి పైథాన్ వెర్షన్‌కూ, ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ముందే కంపైల్ చేసి ‘వీల్’ అనే ఫైళ్లుగా అందిస్తారు. పైథాన్ కొత్త వెర్షన్ విడుదలైన తొలి నెలల్లో పెద్ద లైబ్రరీలకు దాని వీల్ ఇంకా తయారై ఉండకపోవచ్చు. అప్పుడు పిప్ మూలకోడ్‌ను దించి అక్కడికక్కడే కంపైల్ చేయబోతుంది, విండోస్‌లో ఆ పనిముట్లు లేక ‘విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి’ అంటూ ఆగిపోతుంది. పాత ల్యాబుల్లో 32 బిట్ పైథాన్ మిగిలిపోయి ఉంటే టెన్సర్‌ఫ్లోకు వీల్ ఫైలే ఉండదు. తాజా వెర్షన్ కంటే ఒకటి రెండు మెట్లు వెనుక ఉన్న 64 బిట్ పైథాన్ ఎంచుకోవడం ఈ బాధను చాలావరకు తప్పిస్తుంది.

కొలాబ్ నుంచి ల్యాబుకు వచ్చిన నోట్‌బుక్

ఇంట్లో మొబైల్ డేటాతో, బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కొలాబ్‌లో పనిచేసిన నోట్‌బుక్, రివ్యూ రోజు కళాశాల కంప్యూటర్‌లో ఆగిపోవడం ఇప్పుడు మరో సాధారణ సందర్భం. కొలాబ్‌లో ప్రధానమైన లైబ్రరీలన్నీ ముందే ఉంటాయి కాబట్టి, ప్రోగ్రాంకు ఏమేమి అవసరమో విద్యార్థికి ఎప్పుడూ తెలియాల్సిన పని పడదు. ల్యాబ్ కంప్యూటర్‌లో ఒక్కొక్కటే బయటపడతాయి. ‘నో మాడ్యూల్ నేమ్‌డ్ గూగుల్.కొలాబ్’ అన్నది అందులో మొదటిది. గూగుల్ డ్రైవ్‌ను జోడించడానికి రాసిన ఆ వరుసలు కొలాబ్ యంత్రాల కోసమే ఉద్దేశించినవి. వాటిని తీసేసి, డేటా ఫైలు మామూలు చిరునామా ఇవ్వడమే పరిష్కారం. కొలాబ్‌లో విడిగా వేసుకున్న ప్యాకేజీ కూడా ఆ సెషన్ ముగిసేదాకానే ఉంటుంది, తర్వాత ఇచ్చే యంత్రం కొత్తది.

ల్యాబు స్థాయిలో ఆచరణ సాధ్యమైన ఏర్పాటు

ప్రతి ప్రాజెక్టుకూ ‘పైథాన్ -ఎం వెన్వ్’తో విడి ఎన్విరాన్‌మెంట్, అందులో ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌దో రాసిన ‘రిక్వైర్‌మెంట్స్.టెక్స్ట్’ ఫైలు అన్నది అందరూ చెప్పే సలహా. ఉబుంటు 23.04, డెబియన్ 12 నుంచి ఈ రెండు రకాల లినక్స్‌లు ఈ పద్ధతిని దాదాపు తప్పనిసరి చేశాయి. సిస్టమ్ పైథాన్‌లోకి నడిపితే పిప్ ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అంటూ నిరాకరిస్తుంది. అయితే అరవై కంప్యూటర్లున్న ల్యాబులో, ఒకే ఇంటర్నెట్ లైను మీద, అరవై మంది ఒకేసారి టెన్సర్‌ఫ్లోను దించుకోవడం జరిగే పని కాదు. వందల మెగాబైట్ల ప్యాకేజీ మధ్యలో తెగితే మళ్లీ మాడ్యూల్ లేదన్న ఎర్రరే మిగులుతుంది.

దీనికి పిప్‌లోనే ఉపాయం ఉంది. ‘పిప్ డౌన్‌లోడ్’ ఆదేశంతో రిక్వైర్‌మెంట్స్ ఫైలులోని వీల్స్ అన్నిటినీ ఒక్క కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లోకి దించి, దాన్ని ల్యాబు నెట్‌వర్క్‌లో పంచుకోవచ్చు. మిగతా కంప్యూటర్లలో ‘నో-ఇండెక్స్’, ‘ఫైండ్-లింక్స్’ అన్న రెండు ఎంపికలతో పిప్‌ను నడిపితే ఇంటర్నెట్ ముట్టకుండా ఆ ఫోల్డర్ నుంచే ఇన్‌స్టాల్ అవుతుంది. దించిన కంప్యూటర్, వేసే కంప్యూటర్లు ఒకే పైథాన్ వెర్షన్, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ కలిగి ఉండాలన్నది ఇందులో షరతు. సెమిస్టర్ మొదట్లో వెర్షన్లను ఒకసారి నిర్ణయించి, ల్యాబ్ మాన్యువల్‌లోని ఇంపోర్ట్ వరుసలను ఆ వెర్షన్ల మీద నడిపి సరిచూస్తే, చుక్క ఉన్న పేర్ల ఎర్రర్లు విద్యార్థి దాకా రావు. వెర్షన్లను ఇలా కట్టివేయడంలో నష్టమూ ఉంది: భద్రతా సవరణలు ఆలస్యమవుతాయి, ఇంటర్నెట్‌లో దొరికే కొత్త పాఠాలు పనిచేయకపోవచ్చు. పరీక్షలు జరగవలసిన ల్యాబుకు ఆ నష్టం భరించదగినదే. బయటి ప్రపంచానికి తెరిచి పెట్టే అప్లికేషన్‌కు ఆ మాట చెప్పలేం.

వెర్షన్ల ప్రశ్న ప్రాజెక్టు ముగిసిన తర్వాత కూడా వెంటాడుతుంది. శిక్షణ పూర్తయిన మోడల్‌ను పికిల్‌తోనో జాబ్‌లిబ్‌తోనో ఫైలుగా దాచినప్పుడు, అందులో క్లాసుల కోడ్ చేరదు. అవి ఏ మాడ్యూల్‌లో ఉన్నాయన్న చిరునామా మాత్రమే చేరుతుంది. రాండమ్ ఫారెస్ట్ ఉండే ‘ఎస్‌కెలెర్న్.ఎన్సెంబుల్.ఫారెస్ట్’ సైకిట్-లెర్న్ 0.22లో ముందు అండర్‌స్కోర్ ఉన్న పేరుకు మారి, పాత పేరు 0.24లో పోయింది. ఒక సీనియర్ బ్యాచ్ దాచిపెట్టిన వేరుశనగ దిగుబడి మోడల్‌ను తర్వాతి బ్యాచ్ కొత్త వెర్షన్‌లో తెరిస్తే, తమ ప్రోగ్రాంలో ఎక్కడా లేని ఆ పాత పేరుతో మాడ్యూల్ లేదన్న ఎర్రర్ వచ్చేది అందుకే. ఇది రెండు వైపులా జరుగుతుంది: 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0లో ‘నంపై.కోర్’ కాస్తా ‘నంపై._కోర్’ అయినందున, కొత్త నంపైతో దాచిన ఫైలును పాత 1.ఎక్స్ వెర్షన్లు కొన్ని తెరవలేవు. ఒక వెర్షన్‌లో దాచిన మోడల్‌ను మరో వెర్షన్‌లో తెరవడానికి సైకిట్-లెర్న్ హామీ ఇవ్వదు, 1.3 నుంచి అలా తెరిచినప్పుడు ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది కూడా. అందువల్ల మోడల్ ఫైలును అప్పగించేవారు, దానితో పాటే ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చిన వెర్షన్ల జాబితాను, వాడిన పైథాన్ వెర్షన్‌ను, శిక్షణకు వాడిన డేటాను, కోడ్‌ను కూడా అదే ఫోల్డర్‌లో ఉంచాలి. ఆ జాబితాతో కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టుకుంటే పాత ఫైలు తెరుచుకుంటుంది. అది కుదరకపోయినా, డేటా, కోడ్ చేతిలో ఉంటాయి గనుక మోడల్‌కు కొత్త వెర్షన్‌లో మళ్లీ శిక్షణ ఇచ్చుకోవచ్చు.